పసుపంటిన చెయ్యి

కిందటి వారం మనం లితోని స్నానాలగది గుమ్మంలో నిలబెట్టేసి ఎవరి పనుల మీద వాళ్లం వెళ్లిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. ఆలస్యంగా వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని అతన్ని కదిలిద్దాం.

అసలు పేరు హోసెలితో. మనీలా పక్కన నవోతాస్ అనే చేపల రేవులో పుట్టాడు. జెద్దాలో నర్సుగా ఉన్న తల్లి పంపే జీతంతో మలయ్ వాళ్ల దేశానికి వచ్చి సైబర్‌జయలో ఒక ప్రైవేటు కాలేజీలో చదువుకుంటున్నాడు. దెంకిల్‌లో మోహన్‌రాజ్ ఇంటి వెనక గది అద్దెకు తీసుకుని రెండేళ్లవుతోంది. ఆ ఇంటికి పెద్ద దిక్కు మోహన్‌రాజ్ తల్లి కూర్మమ్మ. ఎనభై దాటిన మనిషి, సుంగై సిపుట్ రబ్బరు తోటల్లో పెరిగింది, ఇప్పటికీ బెత్తం చేతికర్ర నేలకి ఆనించే దానికంటే మనుషుల వైపు చూపించేదే ఎక్కువ. హోసెలితో అన్న పేరు ఆవిడ నోట పట్టలేదు. మొదటి వారంలోనే దాన్ని పక్కన పారేసి "మనీలా" అని పిలవడం మొదలెట్టింది. అతను ఆవిణ్ణి వాళ్ల భాషలో "లోలా" అంటాడు, అంటే మామ్మ.

మనవడు విక్నేష్ అదే కాలేజీలో మొదటి సంవత్సరం. ఇల్లు పావుగంట దూరంలోనే ఉన్నా, క్రమశిక్షణ అబ్బుతుందని తండ్రి హాస్టల్లో వేశాడు. అబ్బింది. శుక్రవారం సాయంత్రం కాళ్లు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి, మోటారు సైకిల్ మీంచి పడ్డానని చెప్పి బోర్లా పడుకున్నాడు. తల్లీ తండ్రీ సుంగై సిపుట్‌లో పెళ్లికి వెళ్లారు. కూర్మమ్మ నువ్వులనూనె వెచ్చచేసి, పసుపు కలిపి, రెండు పూటలా పిల్లాడి తొడలు మర్దనా చేసింది. ఆదివారం మధ్యాహ్నం స్నానాలగదిలోంచి మూలుగు వినిపించి లితో తలుపు తోశాడు. విక్నేష్ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. లితో చూపు మాత్రం అతని మీద ఆగలేదు. కింద తెల్ల పింగాణీలోకి పోయింది. అక్కడ మూత్రం కోపి-ఓ రంగు. పాలు పొయ్యని కాఫీ ఎలా ఉంటుందో అలా.

ఆ రంగు అతను అంతకుముందు ఒక్కసారే చూశాడు. వాళ్లన్న రోమెల్ చనిపోవడానికి ముందు.

"మామ్మని పిలవకు" అన్నాడు విక్నేష్. అంటూనే గోడ మీంచి జారిపోయాడు. జారేటప్పుడు నుదురు కుళాయికి తగిలి చిట్లింది. ఆ దెబ్బ అతనికి తెలిసినట్టు లేదు.

లితో చంకల కింద చేతులు వేసి అతన్ని హాల్లోకి లాక్కొచ్చి చాప మీద బోర్లా పడుకోబెట్టాడు. తువ్వాలు తడిపి తొడల వెనక పసుపు తుడవడం మొదలెట్టాడు. కేక బయటికి రాకుండా విక్నేష్ చాప అంచు కొరుక్కున్నాడు. పసుపు పోయేకొద్దీ కిందనుంచి నలుపు బయటపడింది. పిరుదుల దగ్గర్నుంచి మోకాలి మడత దాకా, ఒకదాని కింద ఒకటి అడ్డగీతలు, కొన్నిచోట్ల ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నల్ల వంకాయలా నిగనిగలాడుతున్నాయి. ఎడమ తొడ మీద చర్మం పగిలి, నూనే పసుపూ రసీ కలిసి చారికలు కట్టాయి. రోడ్డు మీద పడ్డవాడికి రోడ్డు ఇంత పొందిగ్గా వడ్డించదు.

కూర్మమ్మ వంటింట్లోంచి నూనెగిన్నె పట్టుకుని వచ్చింది. రెండు చేతులూ మణికట్ల దాకా పసుపు. మనవడి తొడలు చూసి, తను రెండు రోజులుగా రుద్దుతున్నది ఏమిటో మొదటిసారి చూసినట్టు ఆగిపోయింది. పసుపు కింద రంగు కనబడదు మరి. ఆవిడ చూపు కూడా ఈమధ్య అంతంత మాత్రం.

"ఇంకో మారు రాత్తే తగ్గిపోద్దిరా" అంది, తనకే సర్దిచెప్పుకుంటున్నట్టు. "తోటలో కూలోళ్ల మీద పెత్తనం సేసే కంగాణీ కొట్టినోళ్లందరికీ మాయమ్మ ఇదే సేసినాది."

కూర్మమ్మా లితో మాట్లాడుకునే భాషకి పేరు లేదు. సగం మలయ్, కొంచెం తెలుగు, మిగతాది చేతులు. అయితే నొప్పికి మాత్రం మలయ్ వాళ్లూ ఫిలిపినో వాళ్లూ ఒకే మాట పెట్టుకున్నారు, సకిత్ అని. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో గానీ ఇద్దరికీ బాగానే అవసరం పడినట్టుంది. ఆ ఒక్క మాట ఆసరాగా లితో ఆవిడకి చెప్పాడు. దెబ్బలకి లోపల కండ నలిగి చచ్చిపోయిందని, ఆ విషం రక్తంలోకి దిగి మూత్రపిండాలని మూసేస్తుందని, రుద్దినకొద్దీ ఇంకా దిగుతుందని. రోమెల్ పోయాక డాక్టరు చెప్పిన మాటలే అవి. అన్నీ ఆవిడకి అర్థమయ్యాయో లేదో గానీ, రుద్దడం దగ్గర మాత్రం అర్థమైంది. గిన్నె కింద పెట్టేసి, తన చేతులు తనవి కానట్టు దూరంగా పట్టుకుని నిలబడింది.

లితో ఫోన్ తీసి అంబులెన్సు కోసం మూడు తొమ్మిదులు నొక్కుతుంటే విక్నేష్ అతని చీలమండ పట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళ్తే డాక్టర్లు పోలీసులకి చెప్తారని, తను ఒట్టు వేశానని, నోరు విప్పితే హాస్టల్లో తనకి పేరే ఉండదని, ముక్కలు ముక్కలుగా అన్నాడు. "వద్దు బ్రో. రేపటికి తగ్గిపోతుంది." పట్టులో బలం లేదు. లితో కాలు విదిలించుకుని అంబులెన్సుకి ఫోన్ చేశాడు. వస్తోందన్నారు. కదిలించొద్దన్నారు, నీళ్లు పట్టమన్నారు.

నీళ్లు పడుతూ కూర్చున్నాడు. గుక్క గుక్కకీ వాంతి. మనిషి ఎవరికోసమైనా ఎదురుచూస్తున్నప్పుడు బుర్ర ఊరుకోదు. లితో బుర్ర నవోతాస్ వెళ్లిపోయింది.

అక్కడి బడిలో చరిత్ర టీచరుకి ఒక సంఘటన అంటే మహా ఇష్టం. స్పెయిన్ వాడి మీద తిరగబడడానికి రహస్య సంఘం పెట్టుకున్నవాళ్లు చెయ్యి కోసుకుని ఆ రక్తంతో సంతకం చేసిన సంఘటన. ఏటా చెప్పేది, ఏటా కళ్లు తుడుచుకునేది. పిల్లలు ఎర్ర సిరాతో ఆడుకునేవారు. తర్వాత స్పెయిన్ వాడు పోయాడు. అమెరికా వాడొచ్చి బళ్లు కట్టించి, ఒప్పుకోని ఊళ్లు తగలబెట్టాడు. జపాను వాడొచ్చి మిగిలినవి తగలబెట్టాడు. అందరూ పోయారు గానీ ఆ ఒట్టు మాత్రం పనీపాటా లేకుండా మిగిలిపోయింది. కాలేజీ కుర్రాళ్లు దాన్ని తీసుకెళ్లి గ్రీకు అక్షరాల పేర్లున్న తమ సంఘాల్లో పెట్టుకున్నారు. కొట్టడానికి దొరలు లేరు కాబట్టి తమ్ముళ్లు దొరికారు.

రోమెల్ లా కాలేజీలో రెండో సంవత్సరంలో అలాంటి సంఘంలో చేరాడు. చేరేవాడు గోడకి చేతులు ఆనించి నిలబడితే 'అన్నలు' వరసగా తెడ్డుతో తొడల మీద కొడతారు. నిలబడ్డవాడు ప్రతి దెబ్బకీ థాంక్స్ చెప్పాలి. కొట్టినవాళ్లే మళ్లీ వేడినీళ్లతో కాపడం పెట్టి, మందు నూనె రుద్ది, టాక్సీలో ఇంటికి పంపారు. మెట్ల మీంచి పడ్డానన్నాడు రోమెల్. తల్లి జెద్దాలో ఉంది. ఇంట్లో ఉన్నది పదిహేడేళ్ల లితో ఒక్కడే. అన్న చెప్పింది నమ్మాడు, అన్న అడిగితే తనూ నూనె రుద్దాడు. తెల్లారేసరికి రోమెల్ కాళ్లు రెండింతలయ్యాయి, పాంటు కత్తిరించి తియ్యాల్సొచ్చింది. మధ్యాహ్నానికి మూర్ఛ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. ఆసుపత్రి గుమ్మంలో పోయాడు. శవపేటిక మోసింది ఆ అన్నలే, తెల్లచొక్కాలు వేసుకుని. వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపు నిజమైన ఏడుపే. అదే లితోకి ఇప్పటికీ కొరుకుడు పడదు.

బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. అంబులెన్సు అనుకుని లితో లేచాడు. అంబులెన్సు హారన్ కొట్టి తలుపు తియ్యమనదని తర్వాత తట్టింది.

గుమ్మంలో దేవన్. కూర్మమ్మ కూతురు విజయలెచ్చుమి ఒక్కగానొక్క కొడుకు. విజయలెచ్చుమి మొగుడు పోయాక పోర్ట్ క్లాంగ్ గిడ్డంగిలో పెట్టెలు సర్ది పెంచుకున్న కొడుకు. కాలేజీలో చివరి సంవత్సరం, హాస్టల్ విద్యార్థి నాయకుడు, ఇంటిల్లిపాదికీ గర్వకారణం. విక్నేష్‌ని హాస్టల్లో వెయ్యడానికి తండ్రికి ధైర్యం వచ్చింది కూడా 'మన దేవన్ ఉన్నాడు కదా' అనే. చేతిలో ఆపిల్ పళ్ల సంచి. వెనకాల తలుపంత వెడల్పున్న స్నేహితుడు. "అమ్మమ్మా, బామ్మర్దెలా ఉన్నాడు?" అంటూ చెప్పులు విడిచాడు. పెద్ద మనవణ్ణి చూసేసరికి కూర్మమ్మ ముఖం ఎప్పటిలాగే విచ్చుకోబోయింది.

అప్పుడే చాప మీద విక్నేష్ లేచి నిలబడడం మొదలెట్టాడు.

తనంతట తను లేవలేని మనిషి, అప్పటిదాకా తల ఎత్తడానికే ఆపసోపాలు పడ్డవాడు, ఆ గొంతు వినగానే చేతుల మీద పైకి లేచాడు. మోకాళ్లు వణుకుతున్నాయి. కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. వీపు నిటారుగా పెట్టాలని చూస్తున్నాడు, చేతులు పక్కలకి ఆనించాలని చూస్తున్నాడు. "గుడ్ ఆఫ్టర్నూన్, అన్నా" అన్నాడు, ఎవరూ లేని గోడ వైపు చూస్తూ. రెండో మోకాలు మడతపడి మొహం మీద బోర్లా పడ్డాడు. ముక్కు నేలకి కొట్టుకున్న చప్పుడు అందరూ విన్నారు.

సీనియరు గదిలోకొస్తే జూనియరు లేచి నిలబడాలి, ఇంట్లో బావైనా సరే అన్నా అనాలి. హాస్టల్లో అది రూలు.

ఇక ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. లితో దేవన్ వైపు చూశాడు. కూర్మమ్మ దేవన్ వైపు చూసింది. దేవన్ చేతిలో సంచి వైపు చూసుకున్నాడు, ఆపిల్స్ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు.

"అంబులెన్సు వస్తోంది" అన్నాడు లితో.

దేవన్ మర్యాదగానే మొదలెట్టాడు. తన కారులో తెలిసిన క్లినిక్‌కి తీసుకెళ్తానన్నాడు. అక్కడ కాగితాలూ పోలీసులూ ఉండరన్నాడు. ఇది కుటుంబంలో విషయమని, పరదేశివాడు మధ్యలో దూరి చదువు పాడుచేసుకోవద్దని, విద్యార్థి వీసా చాలా సున్నితమైన వస్తువని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ మాటలంటూనే చెయ్యి చాచి లితో ఫోన్ లాక్కుని, స్క్రీన్ చూసి, గుమ్మం అవతల మురిక్కాలవలోకి విసిరేశాడు. స్నేహితుడికి కనుసైగ చేశాడు.

మొదటి గుద్దు లితో చూడనేలేదు. ముక్కులో ఏదో విరిగిన శబ్దం తలలోపల నుంచి వినిపించింది, నోట్లోకి వెచ్చగా ఉప్పగా దిగింది. రెండోది డొక్కలో. ఊపిరి అందక ముందుకి వంగితే మెడ మీద మోచేయి పడింది. నేల మీద పడ్డాక కాళ్లు వంతు తీసుకున్నాయి. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చారు కాబట్టి ఉత్త కాళ్లు, అదొక్కటే అదృష్టం. ఏ ఇంట్లో తన్నుకున్నా చెప్పులు బయటే విడిచి తన్నుకోవడం ఈ దేశపు మర్యాద. దేవన్ వంగి విక్నేష్ చంక పట్టుకుని లేపబోయాడు. విక్నేష్ అరిచాడు. అప్పటిదాకా చాపలో కుక్కుకున్న అరుపంతా ఒకేసారి బయటికొచ్చింది. పక్కింటి చైనావాళ్ల కుక్క మొరిగింది, ఆ వెనకే వాళ్ల కిటికీ తెరుచుకుంది.

"ఒగ్గీరా ఆణ్ణి" అంది కూర్మమ్మ. అంటూ కర్ర ఎత్తబోతే పసుపూ నూనే పట్టిన చేతుల్లోంచి కర్ర జారి, దొర్లుకుంటూ వచ్చి లితో అరచేతి పక్కన ఆగింది.

బెత్తం కర్ర. బొటనవేలంత లావు, రెండు మూరల పొడవు. ఫిలిప్పీన్స్ బళ్లలో కర్రసాము పాఠం, జాతీయ క్రీడ అని పిల్లలందరికీ నేర్పుతారు. వాళ్లు వాడేదీ బెత్తమే. లితోకి లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటీ మార్కులే, ఇందులో మాత్రం ఎప్పుడూ తక్కువ రాలేదు. వ్యాయామం మాస్టారు అరిచిన అరుపు ఒకటే గుర్తుంది: మనిషిని కొట్టకు, చేతిని కొట్టు.

పడుకునే కొట్టాడు. తన్నడానికి లేచిన పాదం మీద అడ్డంగా, చీలమండ ఎముక మీద. తలుపంత మనిషి ఒంటికాలి మీద గెంతి టీవీ బల్లని కౌగిలించుకున్నాడు. రెండో దెబ్బ మోకాలి చిప్ప మీద. మూడోదానికి ఆగలేదు అతను, కుంటుకుంటూ గుమ్మం దాటి, చెప్పుల కోసం వంగి, ఒకటే దొరికితే ఒకటే వేసుకుని కారు దగ్గరికి పరుగెత్తాడు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. స్నేహం అంత దూరం.

దేవన్ వంటింట్లోకి వెళ్లి వచ్చాడు. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి.

ఆ కత్తితో ఏం చేద్దామనుకున్నాడో అతనికీ తెలిసి ఉండదు. బెదిరించి పంపేద్దామనుకున్నాడేమో. కానీ ఎత్తిన కత్తి ముందు నిలబడ్డవాడు అంత దూరం ఆలోచించడు. కత్తి దిగేటప్పుడు లితో పక్కకి తప్పుకున్నాడు, అంచు భుజం మీద చొక్కాతో పాటు చర్మాన్ని కూడా చీల్చుకుంటూ పోయింది. కర్ర కింద నుంచి పైకి లేచి దేవన్ మణికట్టు మీద పడింది. పచ్చికొమ్మ విరిచినట్టు చప్పుడైంది. కత్తి గచ్చు మీద పడి గిరగిరా తిరిగింది. దేవన్ చెయ్యి ఉండాల్సిన దిక్కులో లేదు. దాన్ని చూసుకుని, ముందు ఆశ్చర్యపోయి, తర్వాత అరిచాడు.

లితో ఆగలేదు. ఇది దాచుకోవలసిన విషయమేమీ కాదు, ఆ తర్వాతి దెబ్బలు దేవన్‌కి పడ్డవి కావు. తెల్లచొక్కాలు వేసుకుని పేటిక మోసినవాళ్లకి పడ్డవి. భుజం మీద ఒకటి, వీపు మీద ఒకటి, కింద పడ్డాక తొడల వెనక వరసగా. ఎప్పుడు మొదలెట్టాడో తెలీదు, విక్నేష్ తొడల మీదున్న లాంటి గీతలే తను గీస్తున్నానని మాత్రం హఠాత్తుగా తెలిసింది. అప్పుడు ఆగాడు.  ముక్కులోంచి కారిన రక్తం కర్ర మీద పడి వేళ్లకి అంటుకుంది.

"నేనూ తిన్నాను అమ్మమ్మా" దేవన్ ఏడుస్తున్నాడు, తెలుగులో, చిన్నప్పుడు ఎలా మాట్లాడేవాడో అలా. "మొదటేడు నన్నూ ఇలాగే కొట్టినారు. నేను సచ్చిపోయానా? ఆడు మెతక, అంతే. నేను ఎక్కువ కొట్టలేదు, అందరికంటే తక్కువే కొట్టినాను, మనోడు కదా అని."

కూర్మమ్మ అతని దగ్గరికి వెళ్లి వంగింది. వంగడానికి చాలాసేపు పట్టింది. దేవన్ ఆవిడ ఒళ్లో తల పెట్టుకోవాలన్నట్టు ముందుకి జరిగాడు. ఆవిడ చెంప పగలగొట్టింది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో, అతని తల గోడకి తగిలింది. ఎడమ చెంప మీద ఐదు వేళ్లూ పసుపు రంగులో, గుమ్మానికి వేసిన ముద్రలా దిగాయి.

"మీ ముత్తాతని పట్టిచ్చినోణ్ణీ మనోడే అనుకున్నాం రా" అంది.

ఆ సంగతి లితోకి తెలుసు. ఒక వానరోజు వంటింట్లో పెండలం దుంపలు ఒలుస్తూ చెప్పింది. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, దొరల సైనికులు కమ్యూనిస్టుల వేటలో, సుంగై సిపుట్ దగ్గర తోటలో కూలీలందరినీ వరసగా నిలబెట్టారట. లారీలో ఒకడు కూర్చున్నాడట, తలకి గోనెసంచి, కళ్ల దగ్గర రెండు కన్నాలు. ఎవరి ముందు తల ఊపితే వాళ్లని ఎక్కించారట. వాళ్ల నాన్న పైడయ్య ముందు ఊపాడు. పైడయ్య తిరిగి రాలేదు. గోనెసంచి కింద ఉన్నవాడి పాదాలు వాళ్ల కూలి ఇళ్ల లైన్లో వాడివేనని అమ్మ గుర్తుపట్టిందట, ఎవరివో మాత్రం చచ్చేదాకా చెప్పలేదట.

అప్పుడు లితో తన వైపు కథ చెప్పాడు. జపానువాళ్ల కాలంలో వాళ్లూళ్లోనూ అంతే. గోనెసంచి కాదు, తాటాకు బుట్ట. బుట్ట నెత్తిన బోర్లించుకున్నవాడు వేలు చూపించేవాడు, ఎవరిని చూపిస్తే వాడి తల తెగేది. తను ఆరో తరగతిలో ఉండగా రాత్రిళ్లు ముసుగులేసుకుని మోటారు సైకిళ్ల మీద వచ్చినవాళ్లు మత్తుమందులవాడంటూ మనిషిని కాల్చి, మొహానికి పార్సెల్ టేపు చుట్టి, అట్టముక్క మీద నేరం రాసి పోయేవారు. పిల్లలు పక్కనుంచి తప్పుకుని గంట కొట్టేలోపు బడికి వెళ్లేవారు. పేరు ఎవరిచ్చారని ఎవరూ అడిగేవారు కారు. వీటన్నిటినీ కలిపి అతను ఇక్కడి కాలేజీలో చరిత్ర వ్యాసం రాశాడు: మా దేశంలో ప్రతి చావు వెనకా ఒక వేలు ఉంటుంది, ఆ వేలు ఎప్పుడూ బాగా తెలిసినవాళ్లదే. లెక్చరరు పక్కన ఒకే ముక్క రాసి ఇచ్చాడు: ఆధారాలు?

ఆ రోజు కూర్మమ్మ మాత్రం ఆధారాలు అడగలేదు. దుంప తొక్క తీస్తూ తల ఊపింది.

అంబులెన్సూ పోలీసు కారూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పోలీసుల్ని పిలిచింది పక్కింటి కిటికీ. ఆసుపత్రి మనుషులు విక్నేష్ తొడలు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వెంటనే సెలైన్ ఎక్కించారు. వచ్చిన పోలీసులు ఇద్దరు. ఒక కార్పొరల్, పునిత అనే తమిళ కానిస్టేబుల్. వాళ్లు చూసింది ఇదీ: నెత్తురోడుతున్న ముక్కుతో, చేతిలో నెత్తురంటిన బెత్తం కర్రతో నిలబడ్డ విదేశీ కుర్రాడు. చెయ్యి విరిగి, తొడలు వాచి, గోడకి ఆనుకున్న స్థానిక విద్యార్థి నాయకుడు. స్ట్రెచర్ మీద, సరిగ్గా ఆ కర్ర లావు గీతలతో చావుబతుకుల్లో ఉన్న ఇంకొకడు.

దేవన్ కూడా అదే క్షణంలో అదే చూశాడు. తెలివిగలవాడు, ఆ కాలేజీ అతనికి ఊరికే పతకాలు ఇవ్వలేదు.

మలయ్‌లో గబగబా చెప్పాడు. అద్దెకున్న ఈ ఫిలిపినోవాడికి పిచ్చికోపమని, మామయ్యావాళ్లు ఊళ్లో లేనప్పుడు బావమరిదిని రెండు రోజులుగా చావగొడుతున్నాడని, సంగతి తెలిసి అడ్డం వచ్చిన తననీ ఇలా చేశాడని. లితో నోరు తెరిచాడు. పగిలిన ముక్కుతో, భయంతో, పరీక్షలో పాసైన మలయ్‌తో అతను చెప్పిన దాంట్లో పునితకి అర్థమైంది 'నేను కొట్టాను' అన్న ముక్కే. అది నిజమే కదా మరి.

కార్పొరల్ స్ట్రెచర్ మీదికి వంగి ఎవరు కొట్టారని అడిగాడు. విక్నేష్ కళ్లు తెరిచాడు. దేవన్‌ని చూశాడు, లితోని చూశాడు. కళ్లూ నోరూ రెండూ మూసుకున్నాడు. ఒట్టంటే ఒట్టే.

పునిత దేవన్ చెంప వైపు చూసి, ఆ పసుపేమిటని తమిళంలో అడిగింది. "పూజ" అన్నాడు దేవన్.

ఇంక మిగిలింది కూర్మమ్మ. ఇంట్లో మొదట్నుంచీ ఉన్నది ఆవిడే, అంతా చూసింది ఆవిడే. మెట్టు మీద కూలబడి ఉంది. పునిత ఎదురుగా గొంతుక్కూర్చుని పాటీ అని, అంటే మామ్మా అని, మర్యాదగా పిలిచి అడిగింది, ఇద్దరు మనవళ్లనీ ఇలా చేసింది ఎవరు, చెప్పక్కర్లేదు, చూపించు చాలు.

కూర్మమ్మ అంబులెన్సు వైపు చూసింది. తలుపులు మూస్తున్నారు. ఆ మనవడికి చెయ్యాల్సింది ఇంక డాక్టర్లు చెయ్యాలి. లితో కళ్లలోకి చూసింది. లితోకి గుండె కాస్త కుదుటపడింది. ఆవిడ కొట్టిన చెంపదెబ్బ తను కళ్లారా చూశాడు. పైడయ్య కూతురు అబద్ధం చెప్పదు.

"అమ్మమ్మా" అన్నాడు దేవన్, పోలీసులకి తెలియని తెలుగులో, చాలా మెల్లగా. "మాయమ్మకి నేనొక్కణ్ణే."

రెండేళ్లు ఆ ఇంట్లో అన్నం తిన్నవాడికి ఆ మాత్రం తెలుగు అర్థమవుతుంది.

 కూర్మమ్మ చీర కొంగు తల మీదుగా లాక్కుంది. ఏడుపొచ్చినప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు అందరూ చేసే పనే అది. నుదురు కనబడలేదు, తర్వాత కళ్లు, తర్వాత మొహం మొత్తం కొంగు కిందికి పోయింది. పాత నేతచీర, దారాలు జారి అక్కడక్కడ కన్నాలు పడ్డాయి. ఆ గుడ్డ వెనక ఊపిరి లోపలికీ బయటికీ ఆడుతోంది.

 ఇంకా ఏమీ జరగలేదు. అయినా లితోకి తెలిసిపోయింది, ఎందుకంటే అతను దీని మీద వ్యాసం రాశాడు.

కొంగు కింద నుంచి చెయ్యి బయటికొచ్చింది. మణికట్టు దాకా పసుపు. చూపుడు వేలు ముందుకి చాచి, దేవన్ మీదుగా జరిగి, అతని చెంప మీదున్న తన ఐదు వేళ్లూ దాటి, లితో ఛాతీకి ఎదురుగా వచ్చి ఆగింది.

పునిత ఆ వేలు చూసింది. దేవన్ చెంప చూసింది. మళ్లీ వేలు చూసింది.

అప్పటికే కార్పొరల్ లితో చేతిలో కర్ర లాక్కుని, చేతులు వెనక్కి పెట్టమన్నాడు.